తలుపు తట్టువాని హక్కు, తీయనివాని హక్కు

ఇంటిల్లిపాదియు భోజనములు ముగించి నడుము వాల్చు వేళకు వీథితలుపు గంట మ్రోగుట, తీసి చూడగా మెడలో వ్రేలాడు కార్డుతో, భుజమున బరువైన సంచితో, ఎంతటి విసుగునకును చెదరని చిఱునవ్వుతో ఒక యువకుడు నిలిచియుండుట, “కొనమని కాదండీ, ఒక్క నిమిషం చూస్తే చాలు” అనుచు అతడు కాలొకటి గడపపై మోపుట, ఆ నిమిషము అరగంటయై, ఆ అరగంట తుదకు ఒక రసీదుగా పరిణమించుట — ఈ తంతు విజయవాడలోనైనను, వరంగల్లులోనైనను, తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన డాలస్ నగర పరిసరములందైనను నేడు ఇంచుమించు ఒక్క తీరుననే జరుగుచున్నది. వచ్చినవాడు దొంగ కాడు, చుట్టము కాడు. పిలువని పేరంటమునకు వచ్చినవాడు. అతనిని ఏమని పొమ్మనవలెను, పొమ్మన్నను పోనిచో ఏమి చేయవలెను, అసలు రావలదని ముందుగనే చెప్పుటకు వీలున్నదా అను ప్రశ్నలు చూచుటకు చిన్నవే. కాని వానిని తేల్చుటకై అమెరికా దేశపు సుప్రీంకోర్టు డెబ్బది సంవత్సరములకు పైగా మరల మరల కూర్చుండవలసి వచ్చినది. ఆ తీర్పుల కథను, మన దేశమున ఆ ప్రశ్నలకు శాసనము చెప్పు సమాధానమును తెలిసికొనుట ప్రతి గృహస్థునకును ఉపయుక్తము.

మన యూళ్ళలో సరకు ఇంటిముంగిటికి వచ్చుట క్రొత్త కాదు. తెల్లవాఱగనే ఆకుకూరల గంప, ప్రొద్దెక్కినకొలది ఉల్లిపాయల బండి, పండుగల ముందు బట్టల మూట, పాతచీరలు పుచ్చుకొని ఇచ్చు స్టీలుసామానుల తట్ట — ఇవన్నియు వీథివెంట నడచివచ్చినవే. ధనుర్మాసమున హరిదాసు, సంక్రాంతికి గంగిరెద్దులవాడు వచ్చుటయు ఆ వీథిగుండనే. ఐనను వీరి రాకలో ఒక దూరము, ఆ దూరములో ఒక మర్యాద కలవు. వీరు వీథిలో నిలిచి కేక వేయుదురు, లేదా పాడుదురు; కావలసినవారు వాకిటికి వత్తురు, అక్కఱలేనివారు తమ పనిలో తాముందురు. ఊరకుండుటయే కాదనుట, అందుకు నోరు విప్పనక్కఱలేదు, ఎవ్వరి ముఖమును చిన్నబుచ్చనక్కఱలేదు.

నేటి గృహవిక్రేత ఆ దూరమును చెఱిపివైచినాడు. అతడు గంట నొక్కి మనిషిని తన యెదుటికి రప్పించుకొని, కాదనవలసిన భారమును ఇంటివారి నెత్తిపై పెట్టుచున్నాడు. అతిథిని ఆదరింపవలెనని తరతరములుగా నేర్చిన ఇల్లాలికి, ఎండనపడి వచ్చినవానికి మంచినీళ్ళియ్యక తలుపు వేయుట మనసొప్పదు. మంచినీళ్ళిచ్చిన పిమ్మట అతని మాట వినకుండుట మొహమాటము. విన్న పిమ్మట ఏమియు కొనకుండుట ఇంకను పెద్ద మొహమాటము. ఇట్లు ముఖముమీద కాదనలేక కొన్న వస్తువు ఒక్కటియైనను లేని అటక తెలుగునాట అరుదు.

ఆ అరగంటలో ఏమి జరుగునో ఒక దృష్టాంతమున చూతము. నీళ్ళను శుద్ధిచేయు యంత్రములు అమ్మువారి ప్రదర్శన మన పట్టణములలో చాలమంది ఎఱిగినదే. రెండు గాజుగ్లాసులు తెమ్మందురు. ఒకదానిలో ఇంటి కుళాయినీరు, రెండవదానిలో తమ యంత్రమునుండి వచ్చిన నీరు పోయుదురు. లోహపు కడ్డీలు గల చిన్న పరికరమును ఆ రెంటిలో ముంచి, తీగను ప్లగ్గునకు తగిలింతురు. చూచుచుండగనే కుళాయినీరు పచ్చబడి, ఎఱ్ఱబడి, నురుగుతో మడ్డితో నిండిపోవును. వారి నీరు మాత్రము తేటగనే యుండును. “పిల్లలు రోజూ తాగుతున్నది ఇదేనమ్మా” అని అప్పుడొక మాట అందురు. ఆ మాట విన్న తల్లి ధర అడుగకమానదు.

నిజమునకు ఆ మడ్డిలో హెచ్చుపాలు నీటిలోనిది కాదు. కుళాయినీటిలో సహజముగ కరగియుండు లవణములవలన విద్యుత్తు సులభముగ ప్రవహించును. ఆ ప్రవాహమునకు ఇనుపకడ్డీ కొంచెముగ కరగి త్రుప్పువంటి పదార్థమై నీటిలో చేరును. రివర్స్ ఆస్మోసిస్ యంత్రమునుండి వచ్చిన నీటిలో లవణములు మిక్కిలి తక్కువ గనుక విద్యుత్తు అంతగా పాఱదు, కడ్డీ అంతగా కరగదు, నీరు తేటగా నిలుచును. త్రాగుటకు అన్నివిధముల యోగ్యమైన నీరైనను ఆ పరీక్షలో ఓడిపోవలసినదే. ఈ సంగతి తెలియుటకు గొప్ప చదువక్కఱలేదు. సైన్సు చదివిన పక్కింటి కుఱ్ఱవానిని అడిగిన చాలును. కాని అట్లు అడుగుటకు వ్యవధి లేకుండ చేయుటయే ఈ వర్తకపు కిటుకు. అంగడికి మనము పోయినపుడు నచ్చకున్న వెనుదిరిగి రావచ్చును. అంగడియే మన యింటికి వచ్చినపుడు వెనుదిరిగి పోవుటకు మనకు చోటు లేదు.

ఊరు చేసిన శాసనము

ఈ వర్తకమును పెద్దయెత్తున నడపి పేరుమోసిన సంస్థలలో అమెరికాలోని ఫుల్లర్ బ్రష్ కంపెనీ యొకటి. 1906లో స్థాపితమైన ఆ సంస్థ తన బ్రష్షులను ఇంటింటికిని మనుష్యులను పంపి అమ్మించెను. ఆ కంపెనీ మనిషి అమెరికనుల నిత్యజీవితమున ఎంతటి పరిచితమూర్తి యయ్యెననగా, 1948లో అతని పేరుమీదనే ఒక హాస్యచిత్రము వెలువడెను. నవ్వుకొన్నవారు కొందఱైనను విసిగినవారును కొందఱుండిరి.

వయోమింగ్ రాష్ట్రమున గ్రీన్ రివర్ అను చిన్న పట్టణము యూనియన్ పసిఫిక్ రైలుమార్గముపై నున్నది. రాత్రియెల్ల బండ్లపై పనిచేసి పగలు నిద్రించు రైలు ఉద్యోగులు అచ్చట పలువురు. 1931లో ఆ పట్టణ పాలకులు ఒక శాసనము చేసిరి. యజమానిగాని కాపురమున్నవారుగాని పిలువనిదే, అమ్మకమునకై ఇంటికి వచ్చుటయే ప్రజాపీడ యనియు, అది శిక్షార్హమైన నేరమనియు దాని సారాంశము. ఫుల్లర్ బ్రష్ కంపెనీవారు ఫెడరల్ న్యాయస్థానమున దీని నెదిరించి 1933లో ఓడిపోయిరి. ఆ కంపెనీ సరకునే అమ్ము ఒక వ్యక్తి వయోమింగ్ రాష్ట్రపు సుప్రీంకోర్టు వఱకు పోయి ఓడెను. 1937లో దేశపు సుప్రీంకోర్టు అతని అప్పీలును, అందు తాము విచారింపదగిన గట్టి ప్రశ్న ఏదియు లేదని కొట్టివైచెను. దానితో ఇతర పట్టణములకు ధైర్యము కలిగి అట్టి శాసనములే చేసికొనిరి. నేటికిని ఆ కోవకు చెందిన వానిని గ్రీన్ రివర్ శాసనములనియే వ్యవహరింతురు.

ఇంతవఱకు చదివిన పాఠకుడు, ఊరు మంచిపనియే చేసినదనుకొనవచ్చును. కాని ఆ శాసనములో ఒక చిక్కు దాగియున్నది. పిలువనివాడెవ్వడును ఏ తలుపును తట్టరాదని ఊరు చెప్పినపుడు, తట్టిన బాగుండునని కోరు గృహస్థుని మాటను గూడ ఊరే చెప్పివేసినట్లయినది. ఆ చిక్కును బయటపెట్టినది ఒహాయో రాష్ట్రమున స్ట్రదర్స్ అను ఉక్కుకర్మాగారముల పట్టణము.

స్ట్రదర్స్ నివాసులలోను రాత్రి షిఫ్టులో పనిచేసి పగలు పండుకొనువారు పెక్కుమంది. కరపత్రములు పంచుటకై గంట నొక్కి గాని, తలుపు తట్టి గాని ఇంటివారిని పిలుచుట అచ్చట నేరము. యెహోవాసాక్షుల మతశాఖకు చెందిన ఒక స్త్రీ తమ మతసభకు ఆహ్వానపత్రమును ఇంటింట ఇచ్చుచు పట్టుబడగా, ఆమెకు 10 డాలర్లు జరిమానా విధించిరి. 1943లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపును నలుగురు ఒకవైపును చీలి, ఆమెకు అనుకూలముగ తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ చూపిన హేతువు గమనింపదగినది. వచ్చినవాని మాట వినుటయా మానుటయా అను నిర్ణయము ఒక్కొక్క గృహస్థునిది. ఆ నిర్ణయమును సంఘము తన చేతిలోనికి తీసికొని, వినగోరువారికిని విననొల్లనివారికిని కలిపి ఒక్కటే ఆజ్ఞ విధింపరాదు. ఐతే, నా యింటికి రావలదని తెలియజేసిన గృహస్థుని మాటను త్రోసి వచ్చువానిని శిక్షించుటకు శాసనము చేయవచ్చును. అనగా తట్టువాని హక్కును న్యాయస్థానము కాపాడుచునే, పొమ్మనువాని హక్కును అంతకంటె గట్టిగ నిలిపినదన్నమాట.

ఈ సూత్రము మతప్రచారమునకు వర్తించినంత సులువుగ వర్తకమునకు వర్తింపలేదు. లూసియానా రాష్ట్రమున అలెగ్జాండ్రియా నగరమందు ఇంటింటికిని తిరిగి పత్రికలకు చందాలు కూర్చు ఒక ప్రతినిధి గ్రీన్ రివర్ కోవ శాసనము క్రింద శిక్షితుడై సుప్రీంకోర్టునకు పోగా, 1951లో న్యాయస్థానము నగరము పక్షమున నిలిచినది. అమ్ముకొనుటకు వచ్చువాని స్వేచ్ఛకంటె ఇంటివారి నెమ్మది మిన్న యని వారి భావము. హ్యూగో బ్లాక్ అప్పుడు భిన్నాభిప్రాయము వ్రాసినవారిలో నొకడు. కాలక్రమమున వ్యాపారసంబంధమైన మాటకును రాజ్యాంగ రక్షణ కొంత లభించుటతో గాలి మరల మాఱినది. కొలరాడో రాష్ట్రమున కాసిల్ రాక్ అను పట్టణము రాత్రి 7 గంటల తరువాత వర్తకులు తలుపులు తట్టరాదని నిషేధింపగా, చీడపురుగుల నివారణ సేవలను అమ్ము ఒక సంస్థ దావా వేసి 2020లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానమున గెలిచినది. ఆ వేళ నిషేధమువలన నేరములు తగ్గునని గాని, ప్రజల నెమ్మదికి మేలు కలుగునని గాని పట్టణము తగిన ఆధారములు చూపలేకపోయినది.

ఒక కాగితము మీద ఊరంతటి ఇష్టాయిష్టములు

ఈ తీర్పులన్నిటిలో సామాన్యునికి మిక్కిలి ఉపయోగించునది 2002 నాటిది. ఒహాయోలోనే స్ట్రాటన్ అను గ్రామము కలదు. తీర్పు నాటికి జనసంఖ్య 278. ఇంటింటికిని పోవు ఎవ్వరైనను ముందుగ మేయరు కార్యాలయమున పేరు వ్రాయించుకొని అనుమతిపత్రము పొందవలెనని ఆ గ్రామము శాసించినది. ఆ శాసనమునకు అనుబంధముగ ఒక ఫారము గూడ నుండెను. మా యింటికి ఎవ్వరును రావలదని నమోదు చేసికొనగోరు గృహస్థుడు దానిని నింపి, గుమ్మమున ఒక బోర్డు పెట్టుకొనవచ్చును. ఐతే పూర్తిగ తలుపు మూయుట ఇష్టము లేనివారికై ఆ ఫారములోనే ఒక జాబితా ఇచ్చిరి: స్కౌటు బాలబాలికలు రావచ్చునా, హాలోవీన్ నాడు మిఠాయిలకై వచ్చు పిల్లలు రావచ్చునా, క్రిస్మసు పాటలు పాడువారు రావచ్చునా, ఎన్నికల అభ్యర్థులు రావచ్చునా, యెహోవాసాక్షులు రావచ్చునా అని యొక్కొక్కటే గుర్తు పెట్టుకొనుటకు వీలుగ. ఒక చిన్న పల్లెలో ఎవరిని చూచి ఎవరు ముఖము చిట్లింతురో ఆ కాగితము చదివినచో తెలిసిపోవును.

యెహోవాసాక్షుల సంస్థ వేసిన దావాలో ఎనిమిదిమంది న్యాయమూర్తులు గ్రామపు అనుమతిపత్రపు నియమమును కొట్టివైచిరి. తన పొరుగువానితో మాటలాడుటకు పౌరుడు ముందుగ ప్రభుత్వమునకు పేరిచ్చి చీటి తెచ్చుకొనవలెననుట స్వేచ్ఛకు విరుద్ధమనిరి. భిన్నాభిప్రాయము వ్రాసిన ప్రధానన్యాయమూర్తి రెన్‌క్విస్ట్, అంతకు ముందటి సంవత్సరమున న్యూ హాంప్‌షైర్‌లో సర్వే పేరున ఇంటికి వచ్చిన ఇద్దఱు బాలురు ఒక ఆచార్యదంపతులను హత్యచేసిన ఘోరమును జ్ఞాపకము చేసెను. ఆ భయము నిరాధారమనరాదు. ఐనను హెచ్చుమంది న్యాయమూర్తులు, గ్రామము పెట్టిన ఆ ఫారమును, గుమ్మపు బోర్డును, వచ్చినవానితో మాటలాడ నిరాకరించుటకు ఇంటివారికి నిస్సంశయముగ గల హక్కును చూపి, వినగోరనివాని రక్షణకు ఇవి చాలునని తేల్చిరి.

2013లో ఫ్లారిడాలోని ఒక ఇంటిముంగిటికి పోలీసులు వాసనపట్టు కుక్కను తెచ్చిన వ్యాజ్యమున న్యాయమూర్తి స్కేలియా ఈ విషయమునే మఱియొక వైపునుండి విడమరచెను. వీథినుండి గుమ్మము వఱకు గల బాటను, తలుపు గంటను పెట్టుకొన్న గృహస్థుడు లోకమునకు ఒక మౌనానుమతి ఇచ్చినవాడగుచున్నాడు: ముందుబాటన రావచ్చును, తట్టవచ్చును, కొంచెముసేపు ఆగవచ్చును, లోనికి రమ్మననిచో తిరిగి పోవలెను. అనుమతి అంతవఱకే; కుక్కతో శోధించుటకు అది చెల్లదు. ఈ మౌనానుమతి ఇంటివాడు ఇచ్చినదే గనుక, దానిని తీసివేయుటయు ఇంటివాని చేతిలోనిదే. అందువలననే ఆ దేశమున గుమ్మముపై అమ్మకందారులు రావలదని వ్రాసిన చిన్న బోర్డు అలంకారము గాక, శాసనబలము గల మాట యైనది. అనేక పట్టణములలో దానిని త్రోసి తట్టుట జరిమానాకు తగిన నేరము.

కొన్న పిమ్మట మేలుకొన్నవానికి

తలుపు తెఱచి, మాట విని, సంతకము చేసిన పిమ్మట కన్ను తెఱచినవాని గతి యేమి? అతనికై 1974 నుండి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి నియమమొకటి అమలులో నున్నది. ఇంటివద్ద జరిగిన అమ్మకము 25 డాలర్లు గాని, అంతకు మించి గాని యైనచో, కొన్నవాడు మూడవ పనిదినపు అర్ధరాత్రి వఱకు కారణము చెప్పనక్కఱలేకయే దానిని రద్దు చేసికొనవచ్చును. శనివారము పనిదినమే, ఆదివారమును, ఫెడరల్ సెలవుదినములును లెక్కకు రావు. రద్దు పత్రముయొక్క రెండు ప్రతులు అమ్మినవాడే ఇయ్యవలెను. రద్దయిన పది పనిదినములలో సొమ్ము వాపసు చేయవలెను. భూమి, బీమా, వాటాల క్రయవిక్రయములకు మాత్రము ఇది వర్తింపదు. ఇందులో తెలుగువారు గుర్తుంచుకొనదగిన అంశమొకటి కలదు. ఒప్పందపత్రమును, రద్దుహక్కు ప్రకటనను, అమ్మకందారు ముఖ్యముగ ఏ భాషలో మాటలాడి ఒప్పించెనో ఆ భాషలోనే ఇయ్యవలెనని నియమము. కావున దేశాంతరమునకు వచ్చిన కొడుకు ఇంట నున్న తల్లిదండ్రులను తెలుగులో తియ్యగ మాటలాడి ఒప్పించి, ఆంగ్లములో సంతకము చేయించుకొని పోవువాడు నియమమును తప్పినవాడే.

ఆస్ట్రేలియా ఈ విషయమున ఇంకను కచ్చితముగ నున్నది. పిలువని అమ్మకందారు ఆదివారమునను, సెలవుదినములలోను రారాదు. ఇతర దినములలో ఉదయము 9 గంటలకు ముందును, సాయంకాలము 6 తరువాతను, శనివారమైన 5 తరువాతను రారాదు. రద్దు చేసికొనుటకు గడువు పది పనిదినములు.

మన దేశపు గడప

మన దేశమున ఇంటిముంగిటి అమ్మకమునకై ప్రత్యేకముగ చేసిన చట్టము లేదు గాని, హక్కు లేదనుకొనుట పొరపాటు. 1882 నాటి సుఖభోగ హక్కుల చట్టములోనే — ఈజ్‌మెంట్ల చట్టమని కోర్టులలో వాడుక — ఒకరి స్థలములోనికి మఱియొకరు వచ్చుటకు గల అనుమతి మాటవలననే గాక నడవడివలన గూడ కలుగవచ్చునని 54వ సెక్షను చెప్పుచున్నది. తెఱచిన గేటు, గోడకు బిగించిన గంట అట్టి నడవడియే. అనుమతిని వెనుకకు తీసికొన్నపుడు వచ్చినవానికి వెడలిపోవుటకు సమంజసమైన వ్యవధి ఇయ్యవలెనని 63వ సెక్షను చెప్పుచున్నది. సంచి సర్దుకొని మెట్లు దిగుటకు పట్టునంత కాలమే ఆ వ్యవధి. మఱియొక నమూనా విప్పి చూపుటకు పట్టు కాలము అందులో చేరదు.

అంతకు మించి నిలిచియుండువాని విషయము నేరశాసనము చూచుకొనును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 329వ సెక్షను, 1860 నాటి శిక్షాస్మృతిలోని పాత సూత్రమునే నిలిపియున్నది. న్యాయముగ లోనికి వచ్చినవాడైనను, ఇంటివారిని బెదరించుటకో, అవమానించుటకో, చికాకు పఱచుటకో అన్యాయముగ అచ్చట నిలిచిపోయినచో అది నేరపూరితమైన అక్రమప్రవేశము. దానికి మూడు నెలల వఱకు, నివాసగృహములోనికి చొచ్చిన యెడల ఒక సంవత్సరము వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఐతే ఉద్దేశమును ఋజువు చేయవలసియున్నది. అమాయకముగ ఇంకొక మాట చెప్పబోయిన ప్రతివాడును నేరస్థుడు కాడు. స్పష్టముగ పొమ్మని చెప్పి, ఆ చెప్పుటకు సాక్షిగ ఇంకొకరుండుట ఇందువలననే మేలు.

2021 డిసెంబరులో వెలువడిన వినియోగదారుల రక్షణ — డైరెక్ట్ సెల్లింగ్ — నియమములు ఇంకను ముందునకు పోయినవి. సభ్యులను చేర్చుకొని వారిద్వారా సరకును ఇంటింట అమ్మించు సంస్థల విక్రేతలు గుర్తింపు కార్డు లేక, ముందుగ సమయము గాని అనుమతి గాని పొందక వినియోగదారుని ఇంటికి పోరాదు. పోయిన వెంటనే, అడుగకయే, తామెవరో, తమ సంస్థ యేదో, దాని చిరునామా యేమో, ఏ సరకు అమ్మవచ్చిరో, వచ్చిన ప్రయోజనమేమో నిజముగ చెప్పవలెను. “సర్వే చేస్తున్నామండీ” అని మొదలుపెట్టి సౌందర్యసాధనముల డబ్బా తీయువాడు ఆ మొదటి మాటతోనే నియమమును తప్పినవాడు. ఇది కూరగాయల గంపకు, బట్టల మూటకు వర్తించునది కాదు. శాసనము ఎవరిని చూచి కన్నెఱ్ఱచేయుచున్నదో దీనివలన తెలియును. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఓట్లు అడుగ వచ్చువారి సంగతియు చెప్పుకొనవలెను. ఎన్నికల ప్రవర్తనా నియమావళి, పౌరుని రాజకీయాభిప్రాయములు పార్టీలకు ఎంత కంటగింపైనను, అతని నెమ్మదియైన గృహజీవితమును మన్నింపవలెనని శాసించుచున్నది. యజమాని అనుమతి లేక గోడలపై పోస్టర్లంటించుటను, నినాదములు వ్రాయుటను నిషేధించుచున్నది. జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి మాత్రము వేఱు. 1948 నాటి చట్టము ననుసరించి ఆయనకు దేశాచారమునకు తగినంత మేర లోనికి దారి ఇయ్యవలెను, అడిగినవానికి సమాధానము చెప్పవలెను, గోడపై సంఖ్య వేయనీయవలెను. అధికారముతో వచ్చువానికిని అమ్ముకొన వచ్చువానికిని భేదము అడిగి తెలిసికొనుట గృహస్థుని మొదటి పని. గ్యాసు పొయ్యి తనిఖీకి వచ్చితిమనువానిని తలుపు బయటనే నిలిపి, ఏజెన్సీకి ఫోను చేసి కనుగొనుట అవమానింపు కాదు, వివేకము.

అర్ధరాత్రి తలుపు తట్టుటను గూర్చి మన సుప్రీంకోర్టు ఆలోచించిన సందర్భము అమ్మకందారులది కాదు, పోలీసులది. అనుమానితుల యిండ్లకు రాత్రివేళ పోలీసులు పోవచ్చునను ఉత్తరప్రదేశ్ నిబంధనను 1962 డిసెంబరులో ఖరక్‌సింగ్ వ్యాజ్యమున న్యాయస్థానము కొట్టివైచినది. ఐతే ఏకాంతముగ నుండు హక్కు రాజ్యాంగమున లేదని హెచ్చుమంది న్యాయమూర్తులు భావించిరి. రాజమహేంద్రవరమున పుట్టి, ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తియై, తరువాత దేశపు ప్రధానన్యాయమూర్తి కానున్న కోకా సుబ్బారావుగారు, న్యాయమూర్తి షాతో కలిసి వ్రాసిన భిన్నాభిప్రాయములో ఆ హక్కు వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమే యనిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సుబ్బారావుగారి మాటనే సరియని స్థిరపఱచెను; ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారు నొకరు. ఆ హక్కు ముఖ్యముగ ప్రభుత్వమును అడ్డునది. ఐనను ఇల్లు అనునది మనిషి తన యిష్టమున తలుపు తెఱచుచోటను భావమునకు మన శాసనమున అంతకంటె గట్టి పునాది మఱియొకటి లేదు.

నిర్ణయము ఎవ్వరిది?

ఇక అపార్టుమెంటుల సంగతి. నేడు మన నగరములలో గ్రీన్ రివర్ పాలకుల పాత్రను నివాసుల సంఘములు ధరించుచున్నవి. అమ్మకందారులకు ప్రవేశము లేదని గేటున బోర్డు కట్టుట, వాచ్‌మన్‌ను కాపుంచుట సాధారణమైనది. గేటు, మెట్లు, లిఫ్టు అందఱి ఉమ్మడి సొత్తు గనుక అచ్చటి రాకపోకలను క్రమపఱచుట సంఘమునకు తగిన పనియే. కాని ఆ క్రమపఱచుట స్ట్రదర్స్ పట్టణము చేసిన పొరపాటుగ మాఱుట సులువు. మూడవ అంతస్తులోని వృద్ధురాలు, మెట్లు దిగలేక, రోజును ఆకుకూరలవాని గంపనే నమ్ముకొనియుండగా, కార్యదర్శిగారికి గంప గిట్టదని అతనిని గేటువద్దనే త్రిప్పిపంపుట ఆమె నిర్ణయమును ఆయన లాగుకొనుటయే. వాచ్‌మన్ ఇంటర్‌కాంలో “అమ్మా, ఫలానావాళ్లు వచ్చారు, పంపమంటారా?” అని అడుగు ఏర్పాటు ఇంతకంటె నూఱుపాళ్ళు మేలు, ఏలయన అది నిర్ణయమును మరల ఇంటివారి చేతిలోనే పెట్టుచున్నది.

ఆచరణ యందు గృహస్థుడు చేయవలసినది కొంచెమే. గుమ్మమున నాలుగు మాటల బోర్డు కట్టవలెను. ఎవరు రావలదో, ఎవరు రావచ్చునో అందు స్పష్టముగ వ్రాయవలెను. గొలుసు తీయకయే కార్డు చూపుమని అడుగవలెను. “మా వారు లేరండీ” అను సాకు చెప్పరాదు. అది మరల రమ్మనుటయే గాక, ఇంట మగవారు లేరని తెలియజేయుట గూడ నగును. “మాకు వద్దండీ, ఇక రావద్దు” అను మాట ఒక్కటి చాలును. ఆశ కలిగినచో వస్తువు పేరు, ధర కాగితముమీద వ్రాసియిమ్మని, ఱేపు చెప్పెదమని పంపవలెను. ఈ దినము తప్పిన ఈ ధర లేదనువాని సరకు ఏనాడును కొనదగినది కాదు. సంతకము చేసిన రసీదు లేక ఒక్క రూపాయి యైనను ఇయ్యరాదు.

తలుపు తట్టినవాడు గూడ ఎండలో మేడలెక్కి దిగుచు, అమ్మిన దానిపై వచ్చు కమీషనుతో ఇల్లు గడుపుకొనువాడే. అతనికి మంచినీళ్ళియ్యవచ్చును, మర్యాదగ మాటలాడవచ్చును, సరకు మాత్రము కొనక పంపవచ్చును. ఆతిథ్యమునకును క్రయమునకును ముడి పెట్టినవాడు అమ్మకందారు. ఆ ముడిని విప్పుట మన చేతిలో నున్నది. ఊరును, సంఘమును, శాసనమును మన పక్షమున నిలుచుటకు సిద్ధముగ నున్నను, మన నోట వద్దను మాట వెలువడువఱకు అవి మనకు తోడురాజాలవు.